పల్లె పోస్టాఫీసుకు చట్టంలో చోటేది?

2023 డిసెంబరు 18న లోక్‌సభ పోస్టాఫీసు బిల్లును ఆమోదించింది. ఆ తేదీ పాఠకులకు వేరొక కారణంగా గుర్తుండి ఉంటుంది. పార్లమెంటు భద్రతా వైఫల్యంపై హోంమంత్రి సభలో ప్రకటన చేయాలని పట్టుబట్టిన ప్రతిపక్ష సభ్యులు 78 మంది ఆ ఒక్క రోజే ఉభయ సభల నుంచి సస్పెండయ్యారు. ఆ కోలాహలంలో, 1898 నుంచి ఈ దేశపు ఉత్తరాలను నడిపించిన చట్టం రద్దయి దాని స్థానంలో కొత్త చట్టం వస్తున్న సంగతి ఎవరి చెవికీ సరిగా ఎక్కలేదు. రాజ్యసభ అంతకు రెండు వారాల ముందే, డిసెంబరు 4న, దానికి సమ్మతి తెలిపింది. 2024 జూన్ 18 నుంచి అది అమలులో ఉన్నది.

జరిగిన కొద్దిపాటి చర్చలో సింహభాగం తొమ్మిదవ సెక్షన్‌కు దక్కింది. దేశ భద్రత, శాంతిభద్రతలు మొదలైన కారణాలపై ఉత్తరాలను ఆపి, తెరచి చూసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చే సెక్షన్ అది. వృద్ధులైన పాఠకులకు 1986 నాటి ముచ్చట జ్ఞాపకం రాక మానదు. అటువంటి అధికారమే కోరుతూ రాజీవ్ గాంధీ ప్రభుత్వం తెచ్చిన తపాలా సవరణ బిల్లును ఉభయ సభలూ ఆమోదించినా, రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ సంతకం చేయకుండా తన బల్లపైనే ఉంచుకున్నారు. నాడు రాష్ట్రపతి భవన్ గడప దాటలేని అధికారం నేడు ఏ ఆటంకమూ లేకుండా చట్టమయింది. దీనిపై ఆందోళన వ్యక్తం చేసినవారిని తప్పుపట్టనవసరం లేదు. అయితే ఉత్తరాన్ని ఎవరు తెరుస్తారన్న ప్రశ్నకంటే ముందు, దానిని ఎవరు చేరవేస్తారన్న ప్రశ్న ఒకటున్నది. దాని జోలికి పోయినవారు తక్కువ.

పాత చట్టంలోని నాలుగవ సెక్షన్ ఉత్తరాలను చేరవేసే హక్కును పూర్తిగా ప్రభుత్వానికే కట్టబెట్టింది. కొత్త చట్టం ఆ గుత్తహక్కును వదులుకొని, తపాలా బిళ్ళలు జారీ చేసే హక్కును మాత్రమే అట్టిపెట్టుకున్నది. కొరియర్ సంస్థలు దశాబ్దాలుగా బహిరంగంగానే వ్యాపారం చేసుకుంటున్నాయి గనుక, పోయిన ఆ హక్కు ఎలాగూ కాగితంమీద మిగిలినదే. దానికోసం విచారించవలసిన పని లేదు. విచారించవలసిందల్లా, హక్కు పోయిన చోట బాధ్యత వచ్చి చేరకపోవడం గురించి. ఫలానా దూరంలోపల ప్రతి పల్లెకూ ఒక పోస్టాఫీసు ఉండి తీరాలని కొత్త చట్టంలో ఒక్క వాక్యం లేదు. పాత చట్టంలో మాత్రం ఉన్నదా అని అధికారులు ఎదురు ప్రశ్న వేయవచ్చు. నిజమే, లేదు. కాని అప్పుడు గుత్తహక్కు కలిగిన ప్రభుత్వమే పట్నంలో వచ్చిన రాబడితో పల్లెను పోషించింది. చట్టంలో రాయకపోయినా బాధ్యత ఎవరిదో అందరికీ తెలుసు.

రాజ్యసభలో నాటి కమ్యూనికేషన్ల మంత్రి అశ్వినీ వైష్ణవ్ కొన్ని అంకెలు వినిపించారు. 2004-2014 మధ్య 660 పోస్టాఫీసులు మూతపడ్డాయనీ, 2014-2023 మధ్య సుమారు 5,000 కొత్తవి తెరిచామనీ, మరో 5,746 తెరిచే ప్రయత్నంలో ఉన్నాయనీ చెప్పారు. ఈ అంకెలను శంకించవలసిన అవసరం లేదు. స్వాతంత్ర్యం వచ్చిననాడు దేశంలో దాదాపు 23 వేల పోస్టాఫీసులుండగా, ఇప్పుడు లక్షా అరవై నాలుగు వేలు దాటాయి. అందులో పదింట తొమ్మిది వంతులు పల్లెల్లోనే ఉన్నాయి. కాబట్టి మూసివేత అనేది నేటి సమస్య కాదని మంత్రిగారు వాదించవచ్చు. ఒక కార్యాలయాన్ని మూయడం ఒక పద్ధతి. తలుపు తెరిచే ఉంచి, లోపలి పనిని ఒక్కొక్కటిగా బయటికి తరలించడం మరొక పద్ధతి. రెండవదానికి సభలో సమాధానం చెప్పుకోవలసిన అగత్యం ఉండదు.

చట్టంలో బాధ్యత లేకపోతే ఏమవుతుందో డెన్మార్కు చూపించింది. నాలుగు శతాబ్దాల చరిత్ర గల తపాలా వ్యవస్థ అది. 2024 జనవరి నుంచి అమలైన కొత్త చట్టం, దేశమంతటా ఉత్తరాలు అందించవలసిన విధిని తొలగించింది. రెండేళ్ళు తిరగకముందే, 2025 డిసెంబరు 30న, అక్కడి ప్రభుత్వ తపాలా సంస్థ తన చివరి ఉత్తరాన్ని బట్వాడా చేసి ఆ పనికి స్వస్తి చెప్పింది. వీధుల్లోని 1,500 తపాలా పెట్టెలను పెరికివేశారు. డెన్మార్కు చిన్న దేశం, సంపన్న దేశం. అక్కడ ప్రభుత్వం పంపే కాగితమంతా ఫోనులోకే వస్తుంది, మిగిలిన ఉత్తరాలను ఒక ప్రైవేటు సంస్థ అందజేస్తున్నది. మన పల్లెలకు ఆ పోలిక పూర్తిగా వర్తించదన్న మాట నిజమే. వర్తించకపోవడమే మన భయానికి కారణం కూడా.

ఢిల్లీలో కూర్చుని చూస్తే ఇదంతా లాభనష్టాల పట్టికలా కనిపిస్తుంది. మనీఆర్డరు బయలుదేరే చోటినుంచి చూస్తే వేరుగా కనిపిస్తుంది. తెలుగువారికి సంబంధించినంతవరకు అటువంటి చోట్లలో సూరత్ ముఖ్యమైనది. కరీంనగర్, నల్లగొండ, వరంగల్, మహబూబ్‌నగర్ ప్రాంతాల పద్మశాలీలు మగ్గాన్ని నమ్ముకొని తరాలుగా ఆ నగరానికి వలస పోతున్నారు. లింబాయత్, ఉధ్నా పేటల్లో తెలుగు మాట వినిపిస్తుంది. సూరత్ మునిసిపాలిటీ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు సైతం నడుపుతున్నది. ఉధ్నాకు ఆవల పాండేసర పారిశ్రామిక వాడ, దానిని ఆనుకొని వడోద్ ఉన్నాయి. వడోద్ ఒకప్పుడు పల్లె. ఇప్పటికీ అక్కడివారు దానిని ఊరు అనే పిలుస్తారు. నగరం పెరిగి పెరిగి దానిని మింగివేసింది. అద్దకపు మిల్లులు, మరమగ్గాల షెడ్లు, వాటిలో పనిచేసేవారికి అద్దెకిచ్చే ఇరుకు గదులు పొలాల స్థానాన్ని ఆక్రమించాయి. ఒరిస్సా, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్రల నుంచి వచ్చిన కూలీలు ఆ గదుల్లో షిఫ్టుల వారీగా నిద్రపోతారు. ఒకడు లేచి మిల్లుకు వెళ్తే మరొకడు వచ్చి అదే చాపమీద పడుకుంటాడు.

వలస కార్మికుడికి, ఇంటికి నడుమ ఒక శతాబ్దానికి పైగా ఉన్న బంధం మనీఆర్డరు. 1880లో ప్రారంభమైన ఈ సదుపాయానికి నూటికి ఐదు రూపాయలు రుసుము. ఫారం చివర చిన్న చీటీ ఉండేది, నాలుగు పంక్తుల వార్త రాసుకోవడానికి. ఎందరో తల్లులకు కొడుకు క్షేమ సమాచారం ఆ చీటీమీదనే అందింది. పోస్టుమాన్ డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, వేలిముద్ర వేయించుకొని, ఆ నాలుగు పంక్తులూ చదివి వినిపించి పోయేవాడు. 2013 జూలైలో తంతి మూగబోయినప్పుడు చివరి టెలిగ్రాం పంపడానికి జనం బారులు తీరారు, పత్రికలు సంపాదకీయాలు రాశాయి. 2015 ఏప్రిల్‌లో కాగితపు మనీఆర్డరు ఆగిపోయినప్పుడు అంత సందడి లేదు. పట్టణ విద్యావంతుడు అంతకు చాలాకాలం ముందే దానిని మరచిపోయాడు.

దానికోసం కన్నీరు కార్చాలని ఈ విలేఖరి అనడం లేదు. నేడు వడోద్ గదిలోని కార్మికుడు ఫోనులో వేలు కదిపితే, ఒక్క పైసా రుసుము లేకుండా, క్షణంలో డబ్బు ఊరికి చేరుతుంది. ఇది మేలు కాదనేవాడికి ఎప్పుడూ మనీఆర్డరు కోసం ఎదురుచూసే గతి పట్టలేదన్న మాట. అయితే డబ్బు చేరేది ఖాతాలోకి. బజారులో ఉప్పూ పప్పూ కొనే ముసలితల్లి చేతికి నోట్లు కావాలి. ఆమెకు ఫోను వాడకం రాదు, బ్యాంకు మండల కేంద్రంలో ఉంటుంది, ఆటో ఖర్చు అంటూ ఒకటి ఉన్నది. వేలిముద్ర తీసుకొని నోట్లు లెక్కపెట్టి ఇచ్చే మనిషి ఊళ్ళోనే ఉండాలి. 2018 సెప్టెంబరులో తపాలా చెల్లింపుల బ్యాంకు ప్రారంభమైన తరువాత బ్రాంచి పోస్టుమాస్టరు ఆ పని చేయగలుగుతున్నాడు. చేతి యంత్రం ఇచ్చారు. ఏ బ్యాంకు ఖాతా అయినా ఆధార్‌తో ముడిపడి ఉంటే చాలు, అతడు డబ్బు ఇవ్వవచ్చు. కాని బ్రాంచి పోస్టాఫీసులో ఉంచదగిన నగదుకు ఒక పరిమితి ఉన్నది. అంతకు మించినది పై కార్యాలయం నుంచి సంచిలో రావాలి. సంచి రాని రోజున యంత్రం ఉన్నా ముసలితల్లికి ఒరిగేదేమీ లేదు.

డబ్బు సంగతి అలా ఉంచి, చిరునామా సంగతి చూద్దాం. వడోద్‌లో అద్దె గదిలో ఉన్నవాడికి ఆ గది చిరునామా కాదు. ఆరు నెలల్లో మరో గదికి మారతాడు. అతడి ఓటు, రేషను కార్డు, భూమి పట్టా తరచు సొంత ఊళ్ళోనే ఉంటాయి. కోర్టు నోటీసు, బ్యాంకు కార్డు, బీమా కాగితం ఆ ఊరికే వస్తాయి. మనిషి గుజరాతులో, చిరునామా తెలంగాణలో. ఈ రెంటినీ కలిపి ఉంచేది, "వాడు సూరత్‌లో ఉన్నాడు, అన్నకు కబురు చేస్తాను" అనగలిగే పోస్టుమాస్టరు. ప్రభుత్వ యంత్రాంగంలో ఒక మనిషిని అంకెతో కాక ముఖంతో, ఇంటిపేరుతో గుర్తుపట్టే కౌంటరు అదొక్కటే మిగిలిందంటే అతిశయోక్తి కాదు.

ఆ కౌంటరు వెనుక కూర్చున్న మనిషి ప్రభుత్వ దృష్టిలో ఎవరు? అర్ధశతాబ్దంగా ఈ ప్రశ్న న్యాయస్థానాల్లోనూ కమిటీలలోనూ నలుగుతూనే ఉన్నది. చిరకాలం అతడిని శాఖేతర ఏజెంటు అన్నారు. అంటే శాఖ పని చేస్తాడు, శాఖ మనిషి కాడు. వీరు నిర్వహించేవి సివిల్ పోస్టులేననీ, రాజ్యాంగం 311వ అధికరణం రక్షణ వీరికీ వర్తిస్తుందనీ 1977లో రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తరువాత పేరు గ్రామీణ డాక్ సేవక్ అని మారింది. స్థితి అంతగా మారలేదు. పూర్తికాలపు ఉద్యోగి కాదు గనుక వేతన సంఘాల పరిధిలోకి రాడు. అతడికోసం విడిగా ఒక కమిటీ వేస్తారు. కమలేశ్ చంద్ర కమిటీ 2016 నవంబరులో నివేదిక ఇస్తే, అది అమలు కావడానికి 2018 మే-జూన్ నెలల్లో దేశవ్యాప్తంగా పదహారు రోజుల సమ్మె కావలసివచ్చింది. దాని ఫలితంగా బ్రాంచి పోస్టుమాస్టరుకు నాలుగు గంటల పనికి 12,000, ఐదు గంటలకు 14,500 రూపాయలు, పైన కరువు భత్యం నిర్ణయమయ్యాయి. శాఖ సిబ్బందికి ఉండే తరహా పింఛను లేదు. పోస్టాఫీసుకు గది కూడా అతడే చూపించాలి. మన పల్లెల్లో చాలా పోస్టాఫీసులు ఎవరి ఇంటి వసారాలోనో కనిపించడానికి కారణం ఇదే. భారత ప్రభుత్వపు ఎర్రబోర్డు వేలాడేది ఒక గృహస్థు గోడకు.

ఐదు గంటల పని అనేది కాగితంమీది మాట అని ఆ ఉద్యోగంలో ఉన్నవారందరికీ తెలుసు. పొదుపు ఖాతాలు, గ్రామీణ తపాలా బీమా, పార్సిళ్ళు, చెల్లింపుల బ్యాంకు లక్ష్యాలు అన్నీ అతడి నెత్తినే ఉన్నాయి. 2024 జూలైలో 44,228 ఖాళీలకు ప్రకటన వెలువడింది. పదవ తరగతి మార్కులే కొలబద్ద. పట్టభద్రులు చేరుతున్నారు, మెరుగైన ఉద్యోగం దొరకగానే వెళ్ళిపోతున్నారు. వారిని తప్పుపట్టలేము. కాని ఊరివారి ముఖాలు తెలిసిన మనిషి ఆ కుర్చీలో ఉండటమే పల్లె పోస్టాఫీసు ప్రాణమైతే, ఏడాదికొకరు మారే కుర్చీలో ఆ ప్రాణం నిలవదు.

చేతియంత్రం ప్రస్తావన వచ్చింది గనుక ఒక హెచ్చరిక. బ్రిటన్‌లో హొరైజన్ అనే లెక్కల యంత్రాంగం తప్పుడు లోటు చూపించినందుకు, 1999-2015 మధ్య తొమ్మిది వందల మందికి పైగా చిన్న పోస్టాఫీసుల నిర్వాహకులు దొంగలుగా ముద్రపడి శిక్షలు పొందారు. 2024లో అక్కడి పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఆ శిక్షలను రద్దు చేయవలసివచ్చింది. మన దగ్గర అలా జరిగిందని కాదు. నగదు తక్కువైతే ముందు పోస్టుమాస్టరునే అనుమానించే అలవాటు మన శాఖకూ కొత్త కాదు కాబట్టి చెప్పవలసివచ్చింది.

ఇక శాఖకు లోటు అంటారా? 2018-19లో అది సుమారు పదిహేను వేల కోట్లు. అందులో అధికభాగం జీతాలు, పింఛన్లు. అయితే ఆ లోటు లెక్కలో ఒక చిత్రమున్నది. 1882 నుంచి పోస్టాఫీసు ప్రజల పొదుపును సేకరిస్తున్నది. ఆ సొమ్ము ఆర్థిక శాఖ చేతికి పోతుంది, ప్రభుత్వాల అప్పు అవసరాలు తీరుస్తుంది. సేకరించిన తపాలా శాఖకు ఖాతాకు ఇంతని ప్రతిఫలం ముడుతుంది. ఆ ప్రతిఫలం ఎంతో నిర్ణయించేది ఆర్థిక శాఖే. కొనేవాడే ధర నిర్ణయిస్తే అమ్మినవాడి పుస్తకంలో నష్టం రాకుండా ఎలా ఉంటుంది? కొత్త బ్రాంచి పోస్టాఫీసు తెరవాలంటే మామూలు పల్లెలో మూడు వేల జనాభా ఉండాలి, మూడు కిలోమీటర్ల లోపు మరొకటి ఉండకూడదు, ఖర్చులో మూడవ వంతు రాబడి రావాలి. కొండ ప్రాంతాలకు ఆ రాబడి నూటికి పదిహేను వంతులు చాలు. ఈ సూత్రాలు చేసినవారు పల్లె పోస్టాఫీసు నష్టంతోనే నడుస్తుందని ముందే అంగీకరించారు. ఆ అంగీకారం చట్టంలో లేదు, శాఖ సర్క్యులర్లలో ఉన్నది. సర్క్యులరును మార్చడానికి పార్లమెంటు అనుమతి అక్కర లేదు.

పని తీసివేయడం ఎలా జరుగుతుందో చూడటానికి దూరం పోనక్కర లేదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభమైనప్పుడు, కూలీ డబ్బు దళారుల చేతిలో పడకుండా పోస్టాఫీసు ఖాతాల ద్వారా చెల్లించే పద్ధతికి దారి చూపినది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. జాప్యాలు జరిగాయి, ఫిర్యాదులు వచ్చాయి, క్రమంగా ఆ పని బ్యాంకులకు మళ్ళింది. నేడు తెలంగాణ పల్లెల్లో వృద్ధాప్య పింఛన్లు పోస్టాఫీసుల ద్వారా అందుతున్నాయి. నెలకు కొన్ని రోజులైనా బ్రాంచి పోస్టాఫీసు ముందు జనం కనిపిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో పుట్టిన గ్రామ సచివాలయాలు ఆ పనిని తమ చేతికి తీసుకున్నాయి, ఇంటి గుమ్మంలోనే పింఛను ఇస్తున్నాయి. లబ్ధిదారుకు అది సుఖమే. కాని ఒకే ఊళ్ళో రాష్ట్ర ప్రభుత్వానికొక కౌంటరు, కేంద్రానికొక కౌంటరు, బ్యాంకు ప్రతినిధిదొక కౌంటరు. అందులో అన్నిటికంటే పాతదానికి అన్నిటికంటే తక్కువ పని. రేపు రాబడి లెక్క తీసినప్పుడు తప్పు దానిదే అవుతుంది.

కేంద్రం చేస్తున్న మార్పులూ ఈ దారినే పోతున్నాయి. 2024 డిసెంబరులో పుస్తకాలకుండే చౌక తపాలా రేటు హఠాత్తుగా పోయింది. చందాదార్లకు, పాఠకులకు తమ పుస్తకాలు తామే కట్టలు కట్టి పంపుకొనే తెలుగు చిన్న ప్రచురణకర్తలకు అది గట్టి దెబ్బ. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టరు పోస్టు స్పీడు పోస్టులో కలిసిపోయింది. 2025 ఫిబ్రవరి 1 నాటి బడ్జెట్ ప్రసంగంలో నిర్మలా సీతారామన్, లక్షన్నర గ్రామీణ పోస్టాఫీసులను, రెండు లక్షల నలభై వేల డాక్ సేవకులను గ్రామీణ ఆర్థిక వ్యవస్థకు చోదకశక్తిగా మలుస్తామనీ, తపాలా శాఖను సరకు రవాణాలో పెద్ద ప్రభుత్వ సంస్థగా మారుస్తామనీ ప్రకటించారు. ఆశయం మంచిదే. సరకు మాత్రం కొనేవాడున్న చోటికే పోతుంది. వడోద్‌కు రోజుకు ఎన్ని పార్సిళ్ళయినా వస్తాయి. వడోద్‌కు మనుషులను పంపిన పల్లెకు రావు.

తెలుగువారికి ఇక్కడ ఒక అనుకూలత ఉన్నది. 2024 జూన్ నుంచి కమ్యూనికేషన్ల శాఖకు, గ్రామీణాభివృద్ధి శాఖకు ఉమ్మడిగా సహాయ మంత్రి గుంటూరు సభ్యుడు పెమ్మసాని చంద్రశేఖర్. పల్లెకు డబ్బు పంపే శాఖ, పల్లెకు ఉత్తరం పంపే శాఖ ఒకే మంత్రి బల్లమీద కలవడం తరచు జరిగేది కాదు. గ్రామీణ పథకాల నగదు చెల్లింపులో కొంత భాగాన్ని బ్రాంచి పోస్టాఫీసుకు ప్రత్యేకించమనీ, ఏ పల్లెకైనా ఇంత దూరంలో పోస్టాఫీసు ఉండాలన్న సూత్రాన్ని సర్క్యులరు నుంచి చట్టంలోకి ఎక్కించమనీ అడగడానికి ఇంతకంటే తగిన సమయం దొరకదు. ఆంధ్రప్రదేశ్ పాలక పక్షం మద్దతు కేంద్ర ప్రభుత్వానికి ఎంత అవసరమో ఢిల్లీలో అందరికీ తెలుసు. ఆ బలాన్ని పోలవరానికి, అమరావతికి వినియోగించినట్లు ఒక సవరణకు వినియోగిస్తే నష్టమేమీ లేదు.

అంతవరకు, వచ్చే సమావేశాల్లో మన సభ్యులు నక్షత్రపు గుర్తు గల ప్రశ్న ఒకటి వేయవచ్చు. ఎన్ని పోస్టాఫీసులు మూశారని కాదు. దానికి జవాబు మంత్రి వద్ద సిద్ధంగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బ్రాంచి పోస్టాఫీసుల్లో పోస్టుమాస్టరు లేకుండా పక్క ఊరివారి అదనపు బాధ్యతలో నడుస్తున్నవి ఎన్ని, గడచిన ఏడాది అవి రోజుకు ఎన్ని గంటలు తెరిచి ఉన్నాయి, కోరిన రోజున నగదు సంచి అందనివి ఎన్ని అని జిల్లాలవారీగా అడగాలి.